డెమో క్లాసులో చెప్పు

దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక కోచింగ్ సెంటర్‌లో తెలుగు మాస్టారి ఉద్యోగానికి ఆ రోజు నా డెమో క్లాసు. ‘బంక, జిగురు: తేడాలు’ అనే పాఠం నేనే ఎంచుకున్నాను. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కుతుంటే చెప్పు అడుగు ఊడింది. దిగాక గమ్ ట్యూబు కొని, సెంటర్ మెట్ల మీద కూర్చుని అతికించి గట్టిగా నొక్కాను. లోపలికి పిలిచేసరికి చెప్పు బ్రహ్మాండంగా అతుక్కుంది, నా కుడిచేతి బొటనవేలితో సహా!

ఆ చేతిని వీపు వెనక దాచి, ఒంటి చెప్పుతో క్లాసులోకి వెళ్లాను.

“తుమ్మచెట్టుకు కారేది బంక. దాని అంటుకునే గుణం జిగురు” అన్నాను గంభీరంగా.

“బోర్డు మీద రాయండి” అన్నారు వెనక బెంచీలోని డైరెక్టరుగారు.

ఎడమ చేత్తో రాద్దామని బోర్డు వైపు తిరిగాను. వీపు వెనకున్న చెప్పు క్లాసు వైపు తిరిగింది.

“సార్, చేతిల చెప్పేంది?” అంది ముందు బెంచీలోని నల్గొండ అమ్మాయి.

“ఉదాహరణకి తెచ్చానమ్మా!”

ఆ అమ్మాయి లేచింది. “గుంజకుర్రి సార్, తోలొస్తది. నా కాడ నెయిల్ పాలిష్ రిమూవర్ ఉన్నది.”

అది రాస్తే, అందరి ముందూ చెప్పు నుంచి వేలు ఊడివచ్చింది. ఎలాగో ఉద్యోగం వచ్చింది.

నెల తర్వాత పరీక్షలో ‘జిగురు’ను సొంత వాక్యంలో ప్రయోగించమన్నాను. క్లాసంతా నా చెప్పు గురించే రాసింది. ఒక్క వాక్యంలోనూ తప్పు దొరక్క, అందరికీ పూర్తి మార్కులు వేశాను.