గళ్లలోని చిలుక

కైలాసం, శంకరవ్వ ముసలితనంలో ఫోనులో రంగుల జూదానికి మరిగారని, ఆ పిచ్చిలో శంకరవ్వ పెండ్లి చీర కూడా అమ్ముకున్నారని సిరిసిల్లలో వాళ్ల వాడంతా కోడై కూసింది. ఈ మాట పుట్టింది పక్కింటి యాదవ్వ నోట. యాదవ్వది పూర్తి తప్పని కూడా అనలేం. చెవులతో విన్నది నిజమే, కండ్లతో చూసింది నిజమే. ఆ రెంటి నడుమ ఉన్నది మాత్రం ఆమె సొంతంగా వండుకున్న కూర. అందుకే జరిగింది జరిగినట్టు ఒకసారి చెప్పుకోవాలి.

యాదవ్వ విన్నదేమిటంటే, పొద్దున ఎండ వాకిట్లోకి వచ్చే వేళకు గోడ అవతల శంకరవ్వ గొంతు. "ఎరుపు ఏడు! పచ్చ మూడు! మళ్ల ఎరుపు రెండు!" ఆ వెనకనే కైలాసం గొంతు. "ఆగే, ఆగు! పచ్చ మూడా, నాలుగా?" చూసిందేమిటంటే, ఆ పెండ్లి చీరను సంచిలో పెట్టుకుని కైలాసం బజారు దిక్కు పోవడం. రంగుల మీద పందెం కాసే ఆటలు ఫోన్లలో వచ్చి పిల్లలను ముంచుతున్న రోజులు. ఇక యాదవ్వకు వేరే సాక్ష్యం ఎందుకు?

ఆ కేకలకు కారణం కైలాసం చెవులు. ఆయన బతుకంతా సాంచల మీదనే గడిచింది. కరెంటుతో నడిచే మగ్గాన్ని సిరిసిల్లలో సాంచ అంటారు. ఒక్క రేకుల షెడ్డులో వరుసగా సాంచలు టకటకలాడుతుంటే పక్కన నిలబడి అరిచినా వినపడదు. అట్లా ఏండ్ల తరబడి ఆ మోతలో నిలబడీ నిలబడీ ఆయనకు ఒక చెవి పోయింది, ఇంకోటి సగం పోయింది. ఆ షెడ్డు మూతపడింది. షెడ్డు మూతపడ్డాక ఆయన మాట కూడా మూతపడింది.

అదే శంకరవ్వకు పట్టిన దిగులు. తినమంటే తింటాడు, పండుకోమంటే పండుకుంటాడు. తక్కిన పొద్దంతా గడప మీద కూర్చుంటాడు. చేతులు మాత్రం మోకాళ్ల మీద వాటంతట అవే కదులుతుంటాయి, తెగిన పోగును పట్టి ముడివేస్తున్నట్టు. నేతగాళ్ల ఊళ్లో మగవాడి మౌనం ఎక్కడిదాకా పోతుందో ఆడవాళ్లకు తెలుసు. తెలిసినా ఆ మాట పైకి అనరు. శంకరవ్వ కూడా అనలేదు. నీళ్లకు పోయినా, కిరాణాకు పోయినా గబగబా తిరిగి వచ్చేది, అంతే.

వాళ్లకు ఒక్కతే బిడ్డ, మమతారాణి. భైంసాలో ఒక పత్తి మిల్లు ఆఫీసులో పని. మిల్లువాళ్లు కొత్త ట్యాబ్ ఇస్తే, మూల పగిలిన పాతదాన్ని తల్లి భజనలు చూసుకుంటుందని ఇంటికి తెచ్చింది. తెచ్చిన పూట కూడా ఆమెకు పని తీరలేదు. మంచం మీద కూర్చుని, మిల్లుకు వచ్చిన పత్తి బేళ్ల లెక్క అందులో ఎక్కిస్తుంటే, కైలాసం వెనక నుంచి వంగి చూశాడు.

"ఏందే బిడ్డా గిది? గ్రాఫు కాగితమా?"

"కాదు బాపూ. స్ప్రెడ్‌షీట్ అంటరు. ఒక్కో గడిల ఒక్కో లెక్క రాస్త."

"గీ గళ్లకు రంగు పూయొచ్చా?"

పొయ్యి దగ్గర ఉన్న శంకరవ్వ చేతిలో గరిటె ఆగిపోయింది. ఆయన తనంతట తాను రెండు మాటలు కలిపి మాట్లాడి ఎన్ని నెలలైందో.

మమతారాణి చూపించింది. గడి మీద వేలు పెట్టాలి. పైన రంగు డబ్బా బొమ్మ ఉంటుంది, దాన్ని నొక్కాలి. కావలసిన రంగును తాకాలి. కైలాసం ఒక గడిని పచ్చ చేశాడు. దాని పక్కన, ఒక మెట్టు పైన, ఇంకోటి. దాని పైన ఇంకోటి. వాలుగా ఒక గీత లేచింది.

"ఓరినీ! గింత అల్కగున్నదా! మా బాపు పెన్సిలుతోని గళ్లు నింపి నింపి ఏలుకు కాయ గాసేది. ఒక్క గడి తప్పయితే, ఇగ కాగితం చిరిగేదాక రబ్బరు రుద్దుడే."

నేత తెలియనివాళ్ల కోసం ఒక మాట. చీర అంచులో పువ్వో పిట్టో రావాలంటే ముందు దాన్ని గళ్ల కాగితం మీద వేసుకుంటారు. నిలువుగా పోయే పడుగు, అడ్డంగా పోయే పేక కలిసే ప్రతి చోటూ ఒక గడి. ఆ గళ్లను చూసి అట్టలకు రంధ్రాలు గుద్దుతారు. మగ్గం ఆ అట్టల ప్రకారం దారాలు ఎత్తుతుంది. సాంచ మీద ఒకే తీరు తెల్లగుడ్డ తీసిన మనిషికి ఈ పనితో అవసరం పడలేదు. కానీ చిన్నప్పుడు, గుంటలో కాళ్లు దించి నేసే తండ్రి గుంట మగ్గం దగ్గర నేర్చిందంతా ఆయన చేతుల్లోనే ఉంది.

బిడ్డ భైంసా బస్సెక్కిన మర్నాడు కైలాసం భార్యను అడిగాడు. "ఏమే, నీ పెండ్లి చీర జర తీస్తవా?"

"ఎందుకు?"

"చిలుక గావాలె."

ఆ చీర సంగతి వేరు. కైలాసం ఇంట్లో కోడలికి పెండ్లి చీర కొనరు. పెండ్లికొడుకే కూర్చుని నేయాలి, అంచు కూడా అతని ఇష్టమే. కైలాసం చింతచిగురు రంగు చీర నేసి, ఎర్రటి అంచులో పచ్చ చిలుకలు కూర్చోబెట్టాడు. తరువాత సాంచలు వచ్చాయి, గుంట మగ్గం పోయింది, చిలుకలు గీసిన కాగితాన్ని చెదలు తిన్నాయి. ఇక ఆ చిలుకలు మిగిలింది ఆ చీర మీదనే. అది వేపాకుల నడుమ పెట్టె అడుగున ఉంది. మడతల వెంట పగుళ్లు పట్టింది. విప్పినప్పుడల్లా ఎక్కడో ఒకచోట పుటుక్కుమంటుంది. అందుకే శంకరవ్వ దాన్ని విప్పదు. బిడ్డతో మాత్రం ఎప్పుడో చెప్పి పెట్టింది. "నేను పోయిననాడు నా మీద గిదే కప్పుండ్రి. అప్పటిదాక ఎవ్వలు ముట్టొద్దు."

అట్లాంటి చీరను ఆ పొద్దు ఆమె తీసింది. ఎందుకో మళ్లీ అడగలేదు. అడిగితే ఆ నోరు మళ్లీ ఎక్కడ మూసుకుంటుందోనని భయం.

గడప దగ్గర ఎండలో చాట బోర్లించి, దాని మీద అంచు పరిచింది. దారాలు లెక్కపెట్టే భూతద్దం కైలాసం దగ్గర ఉంది కానీ అందులోంచి చూసినా ఆయన కంటికి పోగు ఆనలేదు. మగ్గాలకు దారం కండెలు చుట్టి చుట్టి పోగును వేలితోనే గుర్తుపట్టే మనిషి శంకరవ్వ. సూదిమొనతో దారాలు విడదీస్తూ ఆమె చెప్పేది, ఆయన గళ్లు నింపేవాడు. ఆ చెవిటాయనకు వినపడాలంటే వాడంతా వినపడాల్సిందే.

కైలాసం వేళ్లు లావు. ఒక గడిని ముట్టుకుంటే పక్కది పచ్చబడేది. "నీయవ్వ, నేనెక్కడ వెట్టిన, నువ్వెక్కడ పూసినవ్?" అని ట్యాబ్‌ను తిట్టేవాడు. వేలు జరిగితే బొమ్మంతా పైకి జారిపోయేది. "పాయె! ఏమే, చిలుక ఎగిరిపాయె!" అని అరిచేవాడు. శంకరవ్వకు నవ్వాగేది కాదు. నడుమ నడుమ తండ్రి ముచ్చట్లు, మగ్గం ముచ్చట్లు. అన్నం రెండోసారి అడిగి పెట్టించుకునేవాడు. దారపు రంగు సరిచూసుకోవడానికి చీరను సంచిలో పెట్టుకుని పాత దోస్తు గంగయ్య దగ్గరికి పోయి వచ్చాడు. వాడలో చేనేత మగ్గం మిగిలింది ఆ గంగయ్య ఇంట్లోనే. యాదవ్వ చూసింది ఆ పోవడమే. తిరిగి రావడం చూడలేదు.

చిలుక పూర్తయిన రోజున ఇద్దరూ ట్యాబ్‌ను గోడకు ఆనించి దూరం నుంచి చూశారు. చిలుక అడ్డంగా ఉబ్బి ఉంది.

"గిదేందే? చిలుకనా, గుడ్లకొచ్చిన కోడిపెట్టనా?" అన్నాడు కైలాసం. "నువ్వు దారాలు ఎక్కువ లెక్కవెట్టినవ్."

"నేనా?"

"మరి నేనా? నువ్వు జెప్పింది నేను నింపిన."

"కండెలు సుట్టి నా ఏళ్లరిగినయ్. దారం లెక్క నాకు నేర్పుతున్నవా?"

కైలాసం వినలేదు. నిలువు వరుసలను అక్కడొకటి ఇక్కడొకటి తీసేసుకుంటూ పోయాడు. తీసేకొద్దీ చిలుక చక్కనవుతూ వచ్చింది. చివరికి చూడముచ్చటగా తేలింది. శంకరవ్వ చీర మడిచి, పెట్టెలో పెట్టి, తాళం వేసి, తాళంచెవిని కొంగుకు ముడివేసుకుంది.

గంగయ్యతో అట్టలు గుద్దించి, కైలాసం తానే మగ్గంలో దిగాడు. జానెడు అంచు నేసేసరికి చిలుక తల బయటికి వచ్చింది. గంగయ్య వంగి చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు.

"అరే కైలాసం, గిది చిలుక గాదుర. కొంగకు పచ్చ రంగేసినవ్!"

నిజంగానే సన్నగా, మెడ సాగి, కరువులో పుట్టిన పిట్టలా ఉంది. కైలాసం ఆ జానెడు ముక్క కోసుకుని ఇంటికి వచ్చి భార్య ముందు పెట్టాడు. ఆమె దాన్ని తిప్పి చూసింది.

"నా లెక్క తప్పంటివి."

అంతే అంది. అంతకన్న ఎక్కువ అనాల్సిన పని కూడా లేదు.

మమతారాణి మళ్లీ వచ్చినప్పుడు చిక్కు విడిపోయింది. "బాపూ, గీ గళ్లు అడ్డంగ పొడుగుంటయ్. మాటలు, అంకెలు పట్టాలె గద. నువ్వు అన్ని దిక్కుల సమానమనుకున్నవా?" అంటూ నిలువు వరుసల అంచు పట్టి వేలితో లోపలికి జరిపింది. గళ్లు ఇరుకయ్యాయి. చక్కని చిలుక కండ్ల ముందే చిక్కి కొంగయింది, గుడ్డ మీది దానిలాగే.

కైలాసం నెత్తి కొట్టుకున్నాడు. "మా బాపు జెప్పేటోడు, గ్రాఫును లెక్కవెట్టాలెగని చూడొద్దని. నేను చూసిన. రంగులు మెరిసేసరికి చూసుకుంట కూసున్న."

"తీసేసినయి మళ్ల రావా బిడ్డా?" అని అడిగింది శంకరవ్వ.

మమతారాణి వెనక్కి తిప్పే బాణం గుర్తును నొక్కి చూసింది. అది పనిచేయలేదు. "మూసి తెరిచినంక రాదు అవ్వా. ఏ వరుస తీసిండో ఆయనకే యాదికి లేకపాయె. మొదటిసంది లెక్కవెట్టాల్సిందే."

అంటే చీర మళ్లీ బయటికి రావాలి. శంకరవ్వ కొంగు ముడి తడుముకుంది, లేవలేదు. మొదటిసారి విప్పినప్పుడు అంచు పక్కన జానెడు చీలింది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. ఇంకోసారి విప్పి, ఎండలో పరిచి, సూదితో కెలికితే ఇక కప్పడానికి ఏం మిగులుతుంది?

బిడ్డ వెళ్లిపోయింది. కైలాసం అడగలేదు. గడప మీద కూర్చున్నాడు. చేతులు మళ్లీ మోకాళ్ల మీద కదలడం మొదలైంది. తినమంటే తిన్నాడు, పండుకోమంటే పండుకున్నాడు.

శంకరవ్వ ఆ చేతులను చూస్తూ చూస్తూ కొన్ని పూటలు ఓపిక పట్టింది. చీరను దాచింది తాను పోయేనాటి కోసం. ఆ నాడు ఎప్పుడో ఎవరికి తెలుసు? ఈయన మాట పోయేది మాత్రం ఇయ్యాలనే. అట్లాగని ఊరికే తీసి ఇవ్వడానికి మనసొప్పలేదు. మొదటిసారి అడగకుండా ఇచ్చింది. ఈసారి అడిగే ఇస్తుంది.

పొద్దున ఎండ వాకిట్లోకి రాగానే తాళంచెవి ముడి విప్పి, ఆయన ముందు చతికిలబడి, సగం వినపడే చెవి దిక్కు నోరు పెట్టింది. చెవిటి మొగుడితో గుట్టు మాటలు ఎట్లా కుదురుతాయి? గోడ అవతల ఊడుస్తున్న యాదవ్వ చీపురు ఆగింది.

"ఇగో, సూటిగ అడుగుతున్న, సూటిగ జెప్పు. నేను పోయిననాడు కప్పుకునే చీర అది. విప్పితే పలుగుతది. ఇన్నేండ్లు దాని మొకం సూడలే నువ్వు. గిప్పుడు గా చిలుక నీకెందుకు? ఎవలి కోసం?"

కైలాసం చేతులు మోకాళ్ల మీద ఆగాయి.

"నీ కోసమే. అది నేసిననాడు నేను నిన్ను చూడనే లేదు. మా బాపు చూసొచ్చి, పిల్ల చామనచాయ, గింత పొడుగున్నదంటే, గా మాట వట్టుకొని నేసిన. నిన్ను చూసినంక సాంచ మీద ఎవలెవలికో గుడ్డ తీసిన గని, నీకంటు ఒక్క చీరన్న నెయ్యకపోతి. గా పాతది నువ్వు పోయిననాడు కప్పుకుందువు తియ్. గీ కొత్తది బతికుండంగ కట్టుకుంటవని."