బట్టల కాపలా

ఈ ఆస్ట్రేలియా దేశపు ఎండ మంచిది కాదు. అందుకని ఏడాదికోసారి ఒంటి మీది మచ్చలన్నీ డాక్టరుకి చూపించుకోవాలి. మొన్న కెల్లీవిల్‌లో మా ఇంటి దగ్గరి క్లినిక్‌కి ఆ పని మీదే వెళ్తే, మా మనవరాలికి అక్క వయసుండే డాక్టరమ్మ తెర లాగి, బట్టలు తీసి బల్ల మీద కూర్చోమని చెప్పి, ఇబ్బందిగా ఉంటే నర్సుని కూడా పిలుస్తానంది. నాకేం ఇబ్బందమ్మా, ఈ దేశంలో నూలుపోగు లేకుండా సముద్రస్నానం చేసిన మొట్టమొదటి తెలుగువాణ్ణి నేనే అన్నాను. ఆవిడ నవ్వింది. ఎవరైనా నవ్వుతారు. పాతికేళ్లుగా వనభోజనాల్లో, పెళ్లి విందుల్లో, చివరికి ఒక పెద్దకర్మ భోజనాల దగ్గర కూడా ఈ కథ చెప్పి నవ్వించాను. చెప్పిన ప్రతిసారీ కాస్త కలుపుతూనే వచ్చాను. ఒక విడతలో దొరసానులు నా వీపుకి నూనె రాశారు, ఇంకో విడతలో నేను ఈదుకుంటూ పోయి పగడాల దిబ్బని ముట్టుకుని వచ్చాను. నాకు ఈత రాదు.

అయితే మొన్న ఆ బల్ల మీద కూర్చున్నాక, డాక్టరమ్మ చేతిదీపం పట్టుకుని నా భుజాలూ వీపూ అంగుళం అంగుళం వెతుకుతుంటే, నాకు నా ఒళ్లు కాకుండా మరొకరి ఒళ్లు గుర్తొచ్చింది. ఆ సంగతి నేనెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. నాలాగే ఆ రోజుల్లో రెండు పెట్టెలతో దిగినవాళ్లు చదువుతారని ఇప్పుడు రాస్తున్నాను.

రెండువేల సంవత్సరం రాబోతోందని, తేదీ తెలియక కంప్యూటర్లన్నీ తలకిందులైపోతాయని లోకం హడలిపోతున్న కాలం అది. కుర్రాళ్లెవరూ ముట్టుకోని కోబాల్ అనే పాత కంప్యూటరు భాష నాకొచ్చు కాబట్టి, నలభై ఆరేళ్ల వయసులో, బట్టతలతో, హైదరాబాదులో ఏదో ఆఫీసు కుర్చీలోనే రిటైరవ్వాల్సిన నన్ను విమానమెక్కించి సిడ్నీలో దింపారు. మా ఆవిడా పిల్లలూ ఇంకా హైదరాబాదులోనే ఉన్నారు. ప్యారమాటాలో రెండు గదుల ఇంట్లో అయిదుగురం మగవాళ్లం, నేల మీద పరుపులు, ఒక్కటే కుక్కరు. ఆ అయిదుగురిలో ఒకడు వరసకి నాకు అన్న కొడుకు, కాకినాడవాడు. నెమ్మదస్తుడు, పప్పు బాగా చేసేవాడు. ఎంత ఉక్కపోసినా పొడుగు చేతుల చొక్కానే, మణికట్టు దగ్గర గుండీతో సహా. స్నానాలగదిలోంచి కూడా ఆఫీసుకి బయల్దేరినట్టే వచ్చేవాడు. మిగతావాళ్లు పెళ్లికొడుకు వస్తున్నాడు జరగండి అని ఏడిపించేవాళ్లు.

నిజానికి పెళ్లికొడుకే. ఆ సంబంధం కుదిర్చింది నేను. మా బావమరిది కూతురు, బంగారంలాంటి పిల్ల. వరస కలిసింది, పెళ్లిచూపులయ్యాయి, తాంబూలాలు పుచ్చుకున్నారు, మాఘమాసంలో ముహూర్తం. కుర్రాడి సంగతి పూర్తిగా నాకు తెలుసు, నా పూచీ అని మా బావమరిదితో అన్నది నేనే. మావాడు ప్రతి ఆదివారం ఫోన్ కార్డు గీకి, గోడవైపు తిరిగి ఆ అమ్మాయితో గుసగుసలాడేవాడు.

ఆ ఏడు ఆగస్టులో మా ఇద్దర్నీ ఉత్తర క్వీన్స్‌లాండ్‌కి పంపారు, అక్కడి చెరుకు మిల్లుల లెక్కల్లో తేదీలు దిద్దడానికి. సిడ్నీలో స్వెట్టర్లు వేసుకునే నెలలో అక్కడ మన మార్చి ఎండ. మాకు పని చూపించే పెద్దాయన, ముక్కు మీద పొట్టు లేచిన తెల్లాయన, ఒక శనివారం బీరు తాగుతూ ఊళ్లో చూడదగ్గవి చెప్పుకొచ్చాడు. ఎదురుగా దీవి ఉంది, ఫెర్రీలో వెళ్లొచ్చు, కొండ అవతల చిన్న బీచ్ ఒకటుంది, అక్కడ బట్టలు ఉంచుకుంటారో తీసేస్తారో ఎవరిష్టం వాళ్లది అన్నాడు. నేను పకపకా నవ్వాను. మావాడు నవ్వలేదు. అక్కడ ఎవరూ ఏమీ అనరా అని అడిగాడు. అనరు మేట్ అన్నాడాయన. మావాడు మళ్లీ అదే అడిగాడు.

బసకి నడిచొస్తూ నేను ఊరుకుంటానా.

"ఏరా, పెళ్లికి ముందే అన్నీ చూసేద్దామనా?"

"చూడ్డానికి కాదు బాబాయ్."

"మరి చూపించడానికా?"

వాడు అడుగు వేగం పెంచి, "మీరు రాకపోయినా పర్లేదండి, నేనొక్కణ్ణే వెళ్లొస్తాను" అన్నాడు.

నిన్నొక్కణ్ణే పంపితే మా బావమరిదికి ఏం సమాధానం చెప్పనురా అని పెద్దరికం ఒలకబోశాను గాని, నాకూ చూడాలనే ఉంది. ఇందులో దాచడానికేముంది.

మర్నాడు ఫెర్రీ దిగి, బస్సెక్కి, ఆ తర్వాత ఏనుగుల్లాంటి గుండ్రాళ్ల మధ్య కొండదారిలో రొప్పుకుంటూ నడిచాం. కొండ దిగేసరికి అర్ధచంద్రంలాంటి చిన్న తీరం, గాజులాంటి నీళ్లు. రంభా ఊర్వశులు ఉంటారనుకున్న నాకు కనిపించింది మా అమ్మమ్మ ఈడు దంపతులు. గొడుగు కింద, నెత్తిన టోపీలు తప్ప ఒంటి మీద ఏమీ లేకుండా, పేపర్లో పదాల గళ్లు నింపుకుంటున్నారు. మమ్మల్ని చూసి గుడ్డే అని మళ్లీ గళ్లలో మునిగిపోయారు. ఇంకాస్త దూరంలో ఒకాయన బోర్లా పడుకుని ఉన్నాడు. అంతే, మరి మనిషి లేడు.

నేనేం చేశానో ఇప్పుడు చెప్పేస్తాను. బట్టలు విప్పలేదు. బెల్టు కూడా వదులు చెయ్యలేదు. ప్యాంటూ చొక్కాతో, నల్లబూట్లతో, చెట్టు నీడన తువ్వాలు పరుచుకుని కూర్చున్నాను. మావాడు ఒక రాయి వెనక్కి వెళ్లాడు. చాలాసేపు రాలేదు. వచ్చినప్పుడు ఛాతీ మీద, భుజాల మీద, పొట్ట మీద, తొడల మీద, పాలు ఒలికిపోయినట్టు తెల్లటి మచ్చలు. బట్టలు ఎంతవరకు కప్పుతాయో సరిగ్గా అంతవరకే ఉన్నాయి. బొల్లి. మన ఇళ్లలో ఆ మాట గట్టిగా కూడా అనరు. పెళ్లీడు పిల్లలున్న ఇంట్లో అయితే అసలే అనరు. నేను చూసీ చూడనట్టు తల తిప్పేసుకుని, ఊడని బూటుతాడు మళ్లీ కట్టుకున్నాను. ఆ మాత్రం మర్యాద నాకు తెలుసు. వాడు నా ముందునుంచే నడిచివెళ్లి నీళ్లలో దిగాడు.

రాయి వెనక వదిలేసిన వాడి బట్టలు ఎక్కడ పోతాయోనని తెచ్చి, మడతపెట్టి, నా పక్కన పెట్టుకున్నాను. వాడు ఛాతీ లోతు నీళ్లలో నిలబడి మావైపే చూస్తూ ఉండిపోయాడు. అల వెనక్కి పోయినప్పుడల్లా భుజాలు బయటపడేవి. నేను చెయ్యూపితే తనూ ఊపేవాడు. వాడక్కడ చల్లగా నిలబడి ఉంటే నేనిక్కడ మా బావమరిది మొహం తలుచుకుంటూ, నా పూచీ అన్న మాట తలుచుకుంటూ చెమటలు కక్కుతున్నాను. ఒకసారి గొడుగు కింది పెద్దావిడ అలాగే నడిచొచ్చి నా ఎదురుగా నిలబడింది. నేను ఆవిడ కాలివేళ్ల మీదనుంచి చూపెత్తలేదు. మీ ఫ్రెండ్ చాలాసేపట్నించి నీళ్లలోనే ఉన్నాడు, అలాంటి చర్మం కాలిపోతుంది, పిలవండి అని ఒక క్రీము సీసా నా చేతిలో పెట్టింది. ఎస్ ఎస్, థ్యాంక్యూ అన్నాను కాలివేళ్లతో. పిలవలేదు. జన్మలో మొదటిసారి ఒంటికి గాలి తగిలించుకుంటున్నాడు, ఆనందంలో కాలం తెలియట్లేదు, ఉండనీ పాపం అనుకున్నాను. నిద్ర ముంచుకొస్తున్నా ఆపుకుని కాపలా కాశాను. చివరికి ఫెర్రీ వేళవుతోందని, బయల్దేరేముందు ఒకసారి చెట్ల చాటుకి వెళ్లొచ్చేసరికి, వాడు చొక్కా తొడుక్కుని మణికట్టు గుండీలు పెట్టుకుంటున్నాడు.

ఫెర్రీలోనే వణుకు మొదలైంది. తెల్లారేసరికి చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. ఆసుపత్రిలో నర్సు దాన్ని కత్తిరించి తీసింది. మామూలు చర్మానికి ఏమీ కాలేదు. తెల్లటి చోటల్లా ఎర్రగా వాచి, బొబ్బలెక్కి, దేశాల పటంలా ఉన్నాడు. ఎండని ఆపే రంగే ఆ చోట్ల ఉండదట. కొన్నాళ్లు అలా ఒంటి మీద బట్ట లేకుండానే పడుకోబెట్టారు, వచ్చేపోయేవాళ్లందరి ముందూ.

అక్కడ, పైకప్పు చూస్తూ చెప్పాడు. పదోక్లాసులో వచ్చిందట. చొక్కా దాటి బయటికి రాలేదు కాబట్టి పెళ్లయ్యాక చూసుకుందాంలే అన్నాడట తండ్రి. ప్రతి ఆదివారం ఆ అమ్మాయికి చెబుదామని కార్డు గీకడం, చెప్పలేక పెట్టేయడం. ముక్కూమొహం తెలియనివాళ్ల ముందు ఒక్క గంట నిలబడగలిగితే ఆమెకీ చెప్పగలననుకున్నాడట.

"మీరు చెప్పకండి బాబాయ్. నేనే చెప్తాను."

చెప్పాడు. చక్రాల మీద తెచ్చిన ఆసుపత్రి ఫోన్‌లో, నేను పక్కన ఉండగానే. ఆ అమ్మాయి ఏడవలేదట, తిట్టలేదట. పిల్లలకి కూడా వస్తుందా అని ఒక్క ప్రశ్న అడిగింది. తెలీదు అన్నాడు. ఆ తర్వాత ఇద్దరూ కార్డు అయిపోయేదాకా ఫోన్లు పట్టుకునే ఉన్నారు.

వారం తిరక్కుండా తాంబూలాలు వెనక్కి వచ్చేశాయి. అయితే మా బావమరిది తెలివైనవాడు. బొల్లి అని చెబితే రేపు వరసైనవాళ్లందరి ఇళ్లకీ సంబంధాలు రావు కదా, అందుకని కుర్రాడు బట్టల్లేని బీచ్‌లు పట్టుకు తిరిగే రకం అని చెప్పాడు. కాకినాడలో మావాడి తండ్రి ఆ మాట విని హమ్మయ్య అనుకున్నాడు. తిరుగుబోతు పేరు రేపు ఇంకో పెళ్లితో పోతుంది, ఆ మచ్చల పేరు పోదు. ఆ ఇంకో పెళ్లి మాత్రం కాలేదు. మావాడు మళ్లీ ఎవరినీ చూడ్డానికి వెళ్లలేదు.

నేను నా కథ మొదలుపెట్టింది అప్పుడే. బీచ్ మాట ఎవరెత్తినా వాడి పేరు రాకముందే నేనే దూకి, అక్కడికి పోయింది నేను, విప్పింది నేను అని నా నెత్తిన వేసుకునేవాణ్ణి. జనం నన్ను చూసి నవ్వి వాణ్ణి మర్చిపోయేవారు. వాడి కోసమే చెప్పానంటే సగమే నిజం. నలుగురూ నవ్వుతుంటే నాకు బాగుండేది.

ఇప్పుడు రోజులు మారాయి. ఆ మచ్చలున్న అమ్మాయిలే షాపింగ్ సెంటర్ గోడల మీద నిలువెత్తు బొమ్మలై నవ్వుతున్నారు. మా మనవరాలికి చెబితే "సో వాట్ తాతా, ఇట్స్ జస్ట్ స్కిన్" అని ఫోన్ చూసుకుంటుంది. దానికి ఎలా వివరించను, ఆ జస్ట్ ఒక్కటీ మాకు దొరకలేదని. మావాడు మెల్బోర్న్‌లో, ట్రుగనీనాలో ఒక్కడే ఉంటున్నాడు. యాభై దాటింది. అక్కడి జనవరి ఎండల్లో ఎవరింటికి బార్బీకి, అదే పెరటి బార్బెక్యూ విందుకి, పిలిచినా అదే పొడుగు చేతుల చొక్కా. ఒక్కటే నాకు తృప్తి, ఆ దీవిలో ఒక్క పూటైనా వాణ్ణి ఎవరూ వింతగా చూడలేదు, ఏమీ అనలేదు, చిన్నపిల్లాడిలా సంతోషంగా నీళ్లలో గడిపాడు.

వాడి సంగతి కాబట్టి, అచ్చుకి పంపేముందు ఇంతవరకూ ఫోన్‌లో చదివి వినిపించి, వద్దంటే చింపేస్తానన్నాను. పంపండి బాబాయ్, ఇప్పుడు నన్ను అడిగేవాళ్లెవరున్నారు అన్నాడు. నేను ఫోన్ పెట్టబోతుంటే మళ్లీ అందుకున్నాడు.

"ఒకటి మాత్రం తప్పు రాశారండి. నేను సంతోషంగా ఉండి నీళ్లలో ఉండిపోలేదు. ఆ పెద్దవాళ్లు నన్ను చూస్తే నాకేమీ అనిపించలేదు. మీరు చూసి తల తిప్పేసుకున్నారు. నా బట్టలు తీసుకెళ్లి మీ పక్కన పెట్టుకున్నారు. బయటికి రావాలంటే మళ్లీ మీ ముందునుంచే రావాలి. మీరు నిద్రపోతే వద్దామని చూశాను బాబాయ్. మీరు నిద్రపోలేదు."