సమాధుల పేజీ

ఎనభైల్లో డిగ్రీ చదివే రోజులవి. పాల్వంచ నుంచి భద్రాచలం వెళ్లే బస్సులో కూర్చుని చరిత్ర పుస్తకం పైకే చదువుకుంటున్నాను. పక్క సీట్లో ఒకామె, ఒళ్లో గుడ్డసంచి.

“ఏందది తమ్మీ?” అని అడిగింది.

“పాతకాలపు జర్మన్ తెగల గురించి అక్కా. మనలాగే అడవుల పక్కన పశువులతో బతికేవాళ్లు. ఎవరైనా చనిపోతే వాళ్లు వాడుకున్న కత్తి, దువ్వెన, గిన్నె కూడా సమాధిలో పెట్టేవాళ్లట.”

“పిల్లలకు?”

“పూసలు పెట్టేవాళ్లేమో” అన్నాను. ఆ సంగతి పుస్తకంలో లేదు.

ఆమె ఒళ్లోని సంచిని దగ్గరికి లాక్కుంది.

“ఏదన్న పెట్టుడు మర్చిపోతే, మళ్ల తవ్వి పెట్టేటోళ్లా?”

నాకు నవ్వొచ్చింది. నవ్వాను కూడా. “అంత వివరంగా రాయలేదక్కా.”

ఆమె సంచిలోంచి చిన్న చెప్పుల జత తీసింది. వాటి అడుగున మట్టయినా అంటలేదు.

“నిన్న నా బిడ్డను పాల్వంచ దవాఖానా ఎనకనే మన్నుల పెట్టినం. ఊరికి తీస్కపోనీకి ఏ బండోడు రాలే. ఇవి సంచిలనే ఉండిపోయినయ్. కొత్తయి కావాలని ఎంత ఏడ్చిందో.”

తర్వాతి స్టాపు రాగానే ఆమె లేచింది.

“టికెట్ భద్రాచలం దాక ఉంది గదమ్మా!” అన్నాడు కండక్టర్.

“ఎనక్కి పోతా” అని దిగింది. రోడ్డు దాటి, చెప్పులు చేత్తో పట్టుకుని పాల్వంచ బస్సు కోసం నిలబడింది.

ఆ పాఠం ఇప్పుడు నేనే చెబుతున్నాను. సమాధుల పేజీ దగ్గరికొచ్చేసరికి మాత్రం, పిల్లల్నే చదువుకోమంటాను.