అత్తయ్య వేసిన మాసికలు

మా అత్తయ్య, అంటే నాన్న చెల్లెలు, పోస్టాఫీసులో చిరిగిన తపాలా సంచులకు మాసికలు వేసేది. ఉత్తరాలు పంచేవాళ్లను ఊరంతా గుర్తుపడుతుంది. ఆ సంచులు కుట్టే మనిషి ఒకతె ఉంటుందని ఎవరికి పట్టింది? వెనక గదిలో కిటికీ కింద బల్ల, లావు సూది, మైనం రాసిన దారం. అదే ఆవిడ లోకం.

సంచిని ముందు తిరగేసి దులపాలి, ఆ తర్వాతే సూది పట్టాలి. అది అక్కడి పద్ధతి. ఆవిడ దాన్ని ఇంటికి కూడా తెచ్చింది. దిండు గలీబులు, నా బడిసంచి, చివరికి చుట్టపుచూపుగా వచ్చినవాళ్ల చేతిసంచి కూడా తిరగేసి దులిపేది. ఒకసారి అలా దులిపితే మా ఇంటి చెంచాయే రాలిపడింది. ఆ చుట్టాలు మళ్లీ మా గడప తొక్కలేదు.

నాకు ఊహ తెలియకముందే నాన్న పని వెతుక్కుంటూ వేరే ఊరు వెళ్లాడు. చేరగానే ఉత్తరం వేస్తానన్నాడట. ఉత్తరమూ రాలేదు, మనిషీ రాలేదు. దారిలో పోయిందేమోనని అమ్మ ఎప్పుడైనా నసిగితే అత్తయ్యకు పౌరుషం పొడుచుకొచ్చేది.

"వేస్తే వచ్చేది వదినా. మా దగ్గర పోవడమన్నది లేదు. అన్నయ్యే రాయలేదు."

తోడబుట్టినవాణ్ణి అంత మాట అనడానికి ఆవిడకు నోరెలా వచ్చిందా అని నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అమ్మ ఆ మాట నమ్మింది. నాన్న చొక్కాలన్నీ ఎవరికో ఇచ్చేసి, బీరువాలో ఆ అరను ఖాళీగా ఉంచేసింది. ఆయన ఊసెత్తడమే మానేసింది.

అత్తయ్య ఉద్యోగం చివరి రోజుల్లో, బొత్తిగా పనికిరాని సంచులను మాసికల గుడ్డ కోసం కత్తిరించమన్నారు. ఒక సంచి అడుగున రెండు పొరల మధ్య నుంచి ఉత్తరం ఒకటి జారిపడింది. లోపలి పొర చిరిగినచోట దూరి అక్కడే ఉండిపోయింది. తిరగేసి దులిపినా రాలలేదు. ఆ చిరుగు మీదే మాసిక పడింది. మాసిక చివరి ముడి అత్తయ్యదే. అలా రెండు మెలికలు తిప్పి ముడివేసే మనిషి అక్కడ ఇంకొకరు లేరు.

అది ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ల ఉత్తరం. పైఅధికారి దానిమీద ముద్ర కొట్టి పంపించేశాడు, ఆవిడను పల్లెత్తు మాట అనలేదు. అత్తయ్యే ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా అమ్మ ఎదురుగా కూలబడింది.

"అన్నయ్య రాసే ఉంటాడు వదినా. నేనే లోపల పెట్టి కుట్టేశానేమో."

అమ్మ తిడుతుందనుకున్నాను. తిట్టాలనే కోరుకున్నాను.

"అయితే రాశాడన్నమాట," అంది అమ్మ.

ఆ సాయంత్రం వంటింట్లో అమ్మ కూనిరాగం తీస్తుంటే విన్నాను. నాకు తెలిసి అదే మొదటిసారి. అత్తయ్యకు మాత్రం ఆ రోజు నుంచి కంటిమీద కునుకు కరువైంది. తను వేసిన మాసికలు ఎన్ని ఊళ్లు తిరుగుతున్నాయో, వాటికింద ఎవరెవరి మాటలు మూతపడ్డాయో అని ఒకటే గొణుగుడు. కాస్త కన్ను మూతపడినా వేళ్లు దుప్పటి అంచును తడుముతూనే ఉండేవి. చూస్తే భయం వేసేది.

తీసిపారేసిన సంచులు అడిగి తెచ్చుకుని, తన కుట్లు తానే విప్పడం మొదలుపెట్టింది. ఇల్లంతా పాత కాన్వాసు వాసన. దుమ్ము తప్ప ఏమీ దొరకలేదు. కొన్నాళ్లకు ఆఫీసులోకి ప్లాస్టిక్ సంచులు వచ్చాయి, పాతవి అయిపోయాయి. ఆఖరి సంచిమీద అత్తయ్య బ్లేడు పెట్టబోతుంటే అమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఇది విప్పకు. ఒక్కటన్నా అలా ఉండనీ."

దాన్ని మడిచి నాన్న చొక్కాలుండే అరలో పెట్టింది.

అమ్మ బజారుకు వెళ్లినప్పుడల్లా అత్తయ్య బీరువా తెరిచి ఆ మాసికను వేలితో నొక్కి చూస్తుంది. మొన్న నన్నూ పిలిచింది. ఏదో కాగితంలా తగులుతోందట, చూసి చెప్పమంది. నా చెయ్యి అక్కడిదాకా వెళ్లి ఆగిపోయింది. ఆ మాసిక కింద నాన్న ఉన్నా భయమే, లేకపోయినా భయమే. బీరువాకు తాళం వేసి, తాళంచెవి అమ్మ దిండు కింద పెట్టేశాను.