తాళంచెవి అక్కరలేని తాళం

నా గుండు చూసి ఏ మొక్కప్పా అని ఇంకెవరూ అడగొద్దండి. పొద్దుట్నించి కనపడినోళ్లందరికీ చెప్పి చెప్పి నోరు నొప్పి పుడతా ఉండాది. టీ ఇప్పిస్తామన్నారు కాబట్టి మీకు మాత్రం చెప్తాను. ఇదే ఆఖరు.

మా కాలేజీ వడమాలపేట దాటినాక రోడ్డు పక్కనే కదా. బాయ్స్ హాస్టల్లో రెండు ల్యాప్‌టాప్‌లు పోయినాయి. ప్రిన్సిపాల్ మేడం నన్ను పిలిచి, "ఎలక్ట్రానిక్స్ చెప్తారు కదా సార్, మంచి తాళం ఒకటి తయారు చెయ్యండి" అనింది. చేసినాను. మూడు నెలలు, ఒక్క ఆదివారం ఇంట్లో ఉండకుండా చేసినాను! తలుపు ముందర నిలబడితే కెమెరా మొహం చూస్తాది. మనోడైతే పేరు పెట్టి నమస్కారం చెప్పి తెరుచుకుంటాది. ఇనప తలుపు. కరెంటు పోయినా బ్యాటరీ ఉండాది.

"ఎందుకైనా మంచిది, స్పేర్ తాళంచెవి ఒకటి పెట్టుకుందామా సార్?" అని అడిగింది మేడం.

నేను నవ్వినాను. "తాళంచెవే అక్కరలేని తాళం మేడం ఇది!" అన్నాను. ఆ నవ్వు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తాది.

పది దినాలు బాగానే నడిచింది. మొన్న పొద్దున మేడమూ నేనూ హాస్టల్‌కి పోతే, తలుపు లోపల వరండాలో ఎవరివో తడి పంచలు ఆరేసి ఉండాయి! కొండ దిగి మద్రాసుకి పోయే కుటుంబం, వ్యాను పంక్చరయిందంట. తండ్రీ, ఇద్దరు కొడుకులూ. మూడూ గుండ్లే. నెత్తిన గంధం పూసుకోని, హాయిగా కూర్చోని పులిహోర తింటా ఉండారు.

"లోపలికి ఎట్లొచ్చినారు?" అన్నాను.

"తలుపే రమ్మనింది సార్. నమస్కారం మునిరత్నం సార్ అని ముగ్గురినీ మర్యాదగా పిలిచింది. మంచి సత్రం సార్ మీది!" అన్నాడు పెద్దాయన.

మునిరత్నం మా వార్డెన్. నెత్తిన వెంట్రుకా లేదు, మూతిన మీసమూ లేదు. నా తాళం మొహం కంటే జుట్టునే ఎక్కువ చూస్తా ఉండాదని, గుండు కనపడితే చాలు వార్డెన్ అనుకుంటా ఉండాదని అప్పుడు తెలిసింది. అదీ తిరుపతి పక్కన!

మేడం అరవలేదు. అరిచినా బాగుండేది. "రేపటికి సరి చెయ్యండి సార్, లేకుంటే పీకేసి పాత తాళమే వేద్దాం" అనింది మెల్లగా.

నిన్న పిల్లోళ్లు లైబ్రరీకి పోయినాక హాస్టల్లో కూర్చోని, కొత్తగా ఎక్కిద్దామని అందరి మొహాలూ చెరిపేసినాను. నాది కూడా. వార్డెన్‌ది మాత్రం చెరగలేదు. ఒక్క మొహమన్నా మిగలాలని నేనే రూలు పెట్టుంటిని. సరే, టీ తాగొద్దామని బయటికొచ్చినాను. వెనకాల టక్కుమని తలుపు పడింది. ల్యాప్‌టాప్ లోపల! వార్డెన్‌కి ఫోన్ చేస్తే స్విచ్ ఆఫ్. ఊరికి పోయి, ఐరాలలో మనవడికి చెవులు కుట్టిస్తా ఉండాడని తరవాత తెలిసింది.

ఒంటిగంటకు పిల్లోళ్లొచ్చినారు. రెండింటికి పరీక్ష. అరవై మంది హాల్ టికెట్లు లోపలే ఉండాయి.

"సార్, గుండుంటే తెరుచుకుంటాది కదా!" అన్నాడు గిరి అనే పిల్లోడు.

అందరూ రోడ్డు మీదికి ఉరికినారు. రెండు వ్యాన్ల నిండా గుండ్లు పోయినాయి, ఒక్కడూ ఆపలేదు. అరవై మంది అడ్డం పడి చేతులూపుతా ఉంటే ఎవడాపుతాడు?

"మీలో ఎవరన్నా కొట్టించుకోండ్రా" అన్నాను.

"హాల్ టికెట్ ఫోటోలో జుట్టుండాది సార్. గుండుతో పోతే ఆడ రానియ్యరు" అన్నాడు గిరి. అది నిజమే. ఫోటో లేనోడిని నేనొక్కడినే. అరవై మందీ నా నెత్తి వైపే చూసినారు.

ఎదురుగా సెలూన్‌లో కూర్చోని, "గుండు. మీసం కూడా" అన్నాను. సెలూనాయన చేతిలో దువ్వెన కింద పెట్టి, గొంతు తగ్గించి అడిగినాడు. "నాయనకేమన్నా అయిందా సార్?"

"నాయన బాగుండాడప్పా. తలుపు తెరవాల" అన్నాను. ఆయన జాలిగా చూసి నీళ్లు చల్లినాడు.

ఒకటిన్నరకు పోయి తలుపు ముందర నిలబడినాను. "నమస్కారం మునిరత్నం సార్!" అనింది నేను చేసిన తాళం. అరవై మంది చప్పట్లు! నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. పిల్లోళ్లు పరీక్ష రాసినారు, అది చాలు.

సాయంత్రం మేడం పిలిపించింది. నా నెత్తి వైపు చూసి అడిగింది.

"సరిగ్గా చెయ్యాలంటే ఎన్ని దినాలు సార్?"

"రెండు వారాలు మేడం."

"చెయ్యండి. అందాకా తలుపు తీసిపెట్టి, గేటుకాడ వాచ్‌మన్‌ను పెడతాను. మళ్లీ తలుపు పడితే, వార్డెన్ ఊళ్లో లేకుంటే ఎట్లా? మీరు మాత్రం దినమూ షేవింగ్ చేసుకోండి, జుట్టు రానియ్యొద్దండి" అనింది.

అదప్పా సంగతి. మొక్కూ లేదు, పాడూ లేదు. మేడం ఆ రోజు అడిగిన స్పేర్ తాళంచెవి ఇదో, మీ ముందర కూర్చోని టీ తాగుతా ఉండాది.