త్యాగరాజుగారి శాకాహార చేపలు

గుంటూరు లాలాపేటలో పటాల కొట్టు పీరుది చేయి తిరిగిన పని. దేవుడి పటమైనా, పెళ్లి ఫొటో అయినా, కాలం చేసిన పెద్దాయన ఫొటో అయినా, అతను అద్దం కోశాడంటే వెంట్రుకవాసి తేడా రాదు. చేతికి ఉన్న ధైర్యం నోటికి లేకపోవడమే అతనితో వచ్చిన చిక్కు. గిరాకీ ఎదురుగా నిలబడితే చాలు, అతని నోట "కాదండీ" అనే మాట పుట్టదు.

"ఎల్లుండికల్లా ఇచ్చేస్తావా?" అంటే "ఇచ్చేస్తానండీ" అంటాడు. "మా నాన్నగారి మెల్లకన్ను కనబడకుండా ఫ్రేము కడతావా?" అంటే "కడతానండీ" అంటాడు. అందరికీ అన్నీ ఒప్పుకుని తర్వాత నానా అగచాట్లూ పడతాడు. దాన్ని అతను మర్యాద అనుకునేవాడు. ఊరూ మర్యాదే అనుకుంది. నన్నడిగితే అది వట్టి పిరికితనం. కాకపోతే పిరికివాడి వల్ల పక్కవాడికి నష్టం జరిగేదాకా ఆ మాట ఎవరూ అనరు.

ఎనభై నాలుగులో మిర్చి వ్యాపారుల ఇళ్లల్లోకి చేపల తొట్లు రావడం మొదలైంది. అప్పటికే అందరిళ్లల్లోనూ టీవీలు వచ్చేశాయి. పక్కింట్లో కూడా ఉన్న వస్తువుతో గొప్పేముంటుంది? అందుకని గాజుతొట్టి కావాల్సి వచ్చింది. అద్దం కోసేవాడు పీరే కనుక తొట్టి కట్టేవాడూ పీరే అయ్యాడు. ఇనప చట్రం వెల్డింగు చేయించి, అద్దాలు దించి, సందుల్లో లప్పం కూరేవాడు. మద్రాసు వెళ్లి మూర్ మార్కెట్టులో చేపలు కొని, గాలి నింపిన ప్లాస్టిక్ సంచుల్లో వాటిని చంటిపిల్లల్లా ఒళ్లో పెట్టుకుని రైల్లో తెచ్చేవాడు. ఏ చేప ఏ చేపతో సర్దుకుంటుందో అక్కడి ముసలి వ్యాపారి దగ్గర కూర్చుని మరీ నేర్చుకున్నాడు. ఆ విద్య అతనికి నిజంగానే వచ్చు.

ఆ ఏడు వేసవిలో బ్రాడీపేట నుంచి త్యాగరాజుగారు కొట్టుకు వచ్చారు. మిర్చి యార్డులో పెద్ద కమీషను వ్యాపారి. ఆయన వియ్యంకుడింట్లో నాలుగడుగుల తొట్టి ఉంది కాబట్టి తనకు ఆరడుగులది కావాలన్నారు. పీరు సరేనన్నాడు, అద్దాలు కోశాడు. ఆ తర్వాత త్యాగరాజుగారు చేపల్ని ఏరడానికి కూర్చున్నారు.

"ముందు ఇది చెప్పవయ్యా పీరూ. ఇవి ఏం తింటాయి? మా ఇంట్లో ఉల్లిపాయ కూడా రానివ్వదు మా అమ్మ."

పీరు చేతిలో మేత డబ్బా ఉంది. అందులో ఉన్నది ఎండురొయ్యల పొట్టు. మూత గట్టిగా నొక్కి, "మొక్కజొన్న పిండండీ" అన్నాడు.

"చేపలు కూడా శాకాహారులే కావాలి. మాంసం తినేది ఒక్కటి కూడా నా గడప తొక్కకూడదు."

"అలాగేనండీ."

నిజానికి అది అసాధ్యమైన కోరికేమీ కాదు. పన్నెండు కత్తితోకలు, ఎనిమిది నల్ల మోలీలు ఇస్తే చాలు. పాచీ పాలకూరా పెట్టినా బతుకుతాయి, ఒకదాని జోలికి ఒకటి పోవు. పీరు ఆ లెక్కే చెప్పాడు. అన్నీ ఒకే సైజువి, ఒకే నెమ్మదివి. చారల బార్బులు వద్దన్నాడు, తోకలు కొరుకుతాయని. ఫైటర్లు వద్దన్నాడు, రెండు మగవి కలిస్తే చచ్చేదాకా కొట్టుకుంటాయని. ఇదంతా చాలా చక్కగా చెప్పాడు. త్యాగరాజుగారు యార్డులో టిక్కీ బస్తాలో చెయ్యిపెట్టి గుప్పెడు మిరపకాయలు తీసి రంగూ పొడవూ చూసినట్టే, ఒక్కొక్క రకాన్నీ పింగాణీ పళ్లెంలో పోయించుకుని చూశారు. రంగు బాగుంది, పొడవే లేదన్నారు. అప్పుడు ఆయన చూపు మూలనున్న సీసా మీద పడింది.

అందులో ఆస్కారు చేప పిల్ల ఉంది. రెండంగుళాలుంటుంది. నలుపు మీద ఎర్రటి నిప్పుల చారలు. మిగతా చేపల్లా బెదరకుండా, అద్దానికి మూతి ఆనించి త్యాగరాజుగారినే తేరిపార చూస్తోంది.

"ఇదేంటయ్యా, దర్జాగా ఉంది?"

"అది ఆస్కారండీ. అది... నలుగురితో కలవదండీ."

"కలవకపోవడమేంటి? యార్డులో నేను అందర్నీ కలుపుకుపోవడం లేదూ? ఒక పెద్దమనిషి ఉంటేనే మిగతావాళ్లు అణకువగా ఉంటారు. మాంసం తింటుందా?"

నోట్లో పట్టే ప్రతి చేపనూ ఆస్కారు మింగేస్తుంది. ఇవాళ నోరు చిన్నది, నాలుగు నెలల్లో అరచెయ్యంత అవుతుంది. ఆ మాట చెప్పాలి. చెబితే ఆయన లేచి వెళ్లిపోతారేమో. కోసిన ఆరడుగుల అద్దం ఇంకెవరికి పనికొస్తుంది?

"అలవాటు చేస్తే తినదండీ," అన్నాడు పీరు. "పాలకూర తింటుంది."

అలా త్యాగరాజుగారి హాల్లోకి ఇరవై శాకాహార చేపలూ వాటికొక పెద్దమనిషీ వచ్చి చేరారు. ఇల్లంతా మురిసిపోయింది. ఆయన తల్లి వెంకాయమ్మగారు పూజ ముగించుకుని రోజూ పొద్దున్నే తొట్టి ముందు నిలబడి ఇరవయ్యొకటీ లెక్కపెట్టేది. నైవేద్యం పెట్టిన దద్దోజనం నాలుగు మెతుకులు వేసేది. వచ్చినవాళ్లందరికీ త్యాగరాజుగారు "మన చేపలు నీచు ముట్టవండీ" అని చెప్పేవారు. చేపలు కూడా ఆ ఇంటి ఆచారాన్ని పాటిస్తున్నందుకు వచ్చినవాళ్లు ఆశ్చర్యపోయి కాఫీ తాగి వెళ్లేవాళ్లు.

దద్దోజనం వల్ల నీళ్లు మురిగేవి. వాటిని మార్చడానికి పీరు ఆదివారం ఆదివారం వచ్చేవాడు. మూడో నెలలో ఒక ఆదివారం చూస్తే రెండు కత్తితోకలు లేవు. ఆస్కారు పొట్ట గుండ్రంగా ఉంది. ఎవరినీ ఏమీ అడగకుండా, పై ఆదివారం జేబులో సీసా పెట్టుకొచ్చి రెండు కొత్త చేపల్ని మెల్లగా లోపలికి జారవిడిచాడు. ఆ తర్వాత అదే ఆనవాయితీ అయింది. వెంకాయమ్మగారు మధ్య మధ్య పంతొమ్మిదే కనబడుతున్నాయనీ, తన చూపు మందగించిందనీ వాపోయేది. "వయసు కదండీ" అనేవాడు పీరు. ఆస్కారుకు వారం వారం భోజనం మోసుకొస్తున్నాడన్నమాట.

తర్వాత పీరు జ్వరంతో మూడు వారాలు మంచం పట్టాడు. లేచి తడబడుతూ బ్రాడీపేట వెళ్లేసరికి తొట్టిలో పది చేపలే ఉన్నాయి. పెరట్లో గిన్నెలు తోముతున్నది కొత్త మనిషి.

"వెంకటేశ్వరమ్మ ఏదండీ?" అనడిగాడు. ఆరేళ్లుగా ఆ ఇంట్లో పనిచేస్తున్న మనిషి ఆమె. తొట్టి అద్దాలు బయటివైపు తుడిచేదీ ఆమే.

"మానిపించేశాం," అంది త్యాగరాజుగారి భార్య బాలసరస్వతి. "పదకొండు చేపలు పట్టుకుపోయింది పీరూ! కూర వండుకుంది కాబోలు. ఇంకెవరు తీస్తారు చెప్పు? ఇంట్లో ఉన్న ఆరుగురం శాకాహారులం, తొట్టిలో ఉన్నవన్నీ శాకాహారులే. చేపలు తినేది అదొక్కతేగా!"

త్యాగరాజుగారు పడక్కుర్చీలోంచి తల తిప్పారు. "నేనప్పుడే అన్నాను. ఆ మనిషే. అంతేనంటావా పీరూ?"

"అవునండీ," అన్నాడు పీరు.

అనాలని అనలేదు. అలవాటు మీద వచ్చేసింది. వచ్చాక వెనక్కి తీసుకోవడం అతనికి చేతకాలేదు. తలవంచుకుని నీళ్లు మార్చి ఇంటికి వెళ్లిపోయాడు.

సాయంత్రం కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతున్నాడు. భార్య మస్తాన్‌బీ ఏమిటని అడిగింది. చెప్పాడు. ఆమె అంతా విని, గరిట గిన్నెలో పెట్టేసింది.

"వేలెడంత చేపలు పదకొండు. కూరలో చింతపండు ఎంత వేసిందో కూడా అడగలేకపోయావా?"

"నేనేం చెయ్యను? అప్పుడే కాదంటే..."

"అప్పుడు సంగతి అడగట్లేదు. ఇవాళ అవునన్నావే, దాని సంగతి ఏంటి? ఆమె పిల్లలకు కూడు పెట్టేది నువ్వా?"

పీరుకు సిగ్గేసింది. మామూలు సిగ్గు కాదు, కంచం ముందు కూర్చోవడానికి కూడా అర్హత లేదనిపించేంత సిగ్గు. తెల్లారగానే ఒక కత్తితోకను సీసాలో వేసుకుని బ్రాడీపేట బయల్దేరాడు.

వెంకాయమ్మగారు తొట్టి ముందే ఉంది. పీరు అందర్నీ పిలిచి, "చూడండి" అని సీసా వంచాడు. కత్తితోక నీళ్లలో పడింది, రెండు జానలు ఈదింది. ఆస్కారు కదిలిందో లేదో తెలియలేదు. చేప మాత్రం లేదు. దాని తోక కొస ఒక్కటి కాసేపు పెద్దమనిషి పెదవుల మధ్య ఆడి, అదీ లోపలికి పోయింది.

"రామ రామ!" అంది వెంకాయమ్మగారు. "నా చేతి ప్రసాదం తిన్న నోటితోనా!"

త్యాగరాజుగారు తొట్టి దగ్గరికి వచ్చి ఆస్కారును చూశారు. అంత పెద్ద వ్యాపారి ఊరికే ఓడిపోరు. "అయితే దీనికి ఆ రుచి మప్పింది ఎవరు? ఆ వెంకటేశ్వరమ్మే! నీచు చేతులతో అద్దం తుడిచి తుడిచి అలవాటు చేసి ఉంటుంది. అంతేనంటావా పీరూ?"

"కాదండీ."

ఆ మాట ఎవరు అన్నారా అని పీరే ఒకసారి వెనక్కి చూశాడు. తర్వాత ఆగలేకపోయాడు.

"దాని పుట్టుకే అంతండీ. పాలకూర తింటుందని మీకు అబద్ధం చెప్పాను. ఆ డబ్బాలో మొక్కజొన్న పిండి కాదు, రొయ్యపొట్టు. తగ్గిన చేపల్ని దొంగతనంగా తెచ్చి నింపింది నేను. నిన్న అవునన్నది కూడా నేనే. ఆవిడ తప్పేం లేదండీ, పిలిపించండి."

వెంకాయమ్మగారు చెవులు మూసుకుని నూతి దగ్గరికి స్నానానికి పరుగెత్తింది. బాలసరస్వతి పసుపు నీళ్ల కోసం వెళ్లింది. త్యాగరాజుగారు మాత్రం లేచి వీధి తలుపు దగ్గరగా వేసి వచ్చి, గొంతు తగ్గించారు.

"చూడు పీరూ, ఆమెను మళ్లీ పిలిస్తే ఎందుకు పిలిచారని నలుగురూ అడుగుతారు. అడిగితే చెప్పాలి. చెబితే నాలుగు నెలలుగా నా హాల్లో మాంసం తిన్నట్టు ఒప్పుకోవాలి. నలుగుర్లో నా పరువేం కావాలి? ఆమెకేముంది, ఇంకో ఇల్లు చూసుకుంటుంది. తొట్టి తీసుకుపో. ఈ మాట మనలో ఉండనీ. ఈ పేటలో నీకు గిరాకీలకు లోటు రాకుండా చూస్తాను."

చాలా సౌమ్యంగానే అన్నారు. ఆయన దృష్టిలో అది న్యాయమే కూడా. పీరుకు ఒళ్లు మండిపోయింది. ఖాళీ సీసా పట్టుకుని సంగడిగుంటలో వెంకటేశ్వరమ్మ ఇంటికి వెళ్లాడు.

ఆమె కుళాయి దగ్గర బిందె పెట్టి ఉంది. చుట్టూ ఐదారుగురు ఆడవాళ్లు. పీరు అక్కడే నిలబడి, చేపల్ని తిన్నది ఆస్కారేననీ, దాన్ని అంటగట్టింది తానేననీ చెప్పాడు.

"ఆ మాత్రం మాకు తెలవదా?" అంది ఒకామె. "పెద్ద చేప చిన్న చేపను తినకపోతే పాలకూర తింటదా?"

అందరూ నవ్వారు. వెంకటేశ్వరమ్మ నవ్వలేదు.

"వీళ్లకు చెప్పి ఏం లాభం పీరుభాయ్? వీళ్లెవరూ నన్ను దొంగ అనలేదు. త్యాగరాజుగారింట్లో ఇట్టా జరిగిందని తెలిసి రెండో లైను టీచరమ్మ మానుకోమంది, నాలుగో లైను వకీలుగారు గేటు కూడా తియ్యలేదు. మూడిళ్లూ పోయినై. పిల్లలకు గంజి కాస్తన్నా. చెప్పేదేదో ఆడకొచ్చి చెప్పు."

వకీలుగారు ఐదడుగుల తొట్టికి నిన్ననే కబురు పంపారు. ఆ గేటు దగ్గర ఈ మాట చెబితే త్యాగరాజుగారి పరువుతోపాటు బ్రాడీపేటలో తన కొట్టు పేరు కూడా పోతుంది. శాకాహార చేపలమ్మిన సాయిబు అని పిల్లలు కూడా నవ్వుతారు.

"సాయంత్రం వస్తే..." అన్నాడు.

వెంకటేశ్వరమ్మ అప్పటికే బిందె పక్కింటామె చేతికిచ్చి, కొంగు దోపుకుని నడక మొదలుపెట్టింది. పీరు వెనకాలే నడిచాడు. టీచరమ్మ గుమ్మంలోనే అంతా విని, "అయ్యో, అవునా" అని లోపలికి వెళ్లింది. రేపట్నుంచి రమ్మంది. నాలుగో లైనుకు వచ్చేసరికి పొద్దెక్కింది. బళ్లకు పోయేవాళ్లు, కచేరీలకు పోయేవాళ్లు, రిక్షాలవాళ్లు, వీధి నిండా జనం. వకీలుగారు వరండాలో పేపరు చదువుకుంటున్నారు.

పీరు గేటు బయట ఆగి, గొంతు సవరించుకుని, మెల్లగా మొదలుపెట్టాడు.

"అట్టా కాదు," అంది వెంకటేశ్వరమ్మ. "ఆయనకు చెవుడు. గట్టిగా చెప్పు."