అమ్మ వదిలే ఇద్దరు

సైన్యంలో ఉన్న అన్న సెలవు మీద వచ్చినప్పుడల్లా విడవలూరు ఇంటి వసారాలో ప్రపంచపటం అట్ట పరిచి యుద్ధం ఆట ఆడేవాళ్ళం. సముద్రపు గాలికి అట్ట లేవకుండా నాలుగు మూలలా గవ్వలు పెట్టేవాళ్ళం. బిళ్ళలు సగం పోవడంతో అమ్మ సైన్యమంతా చింతగింజలే.

గెలిచిన దేశంలో ఒక సిపాయినైనా వదిలి ముందుకు సాగాలన్నది నియమం. అమ్మ ఎప్పుడూ ఇద్దరిని వదిలేది. దాంతో ఆమె దండు పలచబడి, రెండు ఖండాలను కలిపే ఇరుకు దేశం చేతికి వచ్చినట్టే వచ్చి జారిపోయేది. అది ఎవరిదైతే ఆట వాళ్ళది. నాకు ఒళ్ళు మండేది.

"ఇట్టా ఆడితే ఎప్పటికి గెలుస్తావు అమా?" అని కసిరేదాన్ని.

పోయిన వేసవిలో ఆ దేశం మళ్ళీ అమ్మకు దక్కింది. మళ్ళీ రెండు గింజలు పెట్టింది.

"కాపలాకి ఒకడు చాలు అమా," అన్నాడు అన్న నవ్వుతూ.

అమ్మ తలెత్తి వాడి వంక చూసింది.

"నిన్ను కూడా అక్కడ ఒక్కడినే నిలబెట్టినారా?"

తన వంతు వచ్చాక అన్న దాడికి పోలేదు. పటం మీద ఒంటరిగా ఉన్న తన సిపాయిల పక్కన ఒక్కొక్క బిళ్ళే తెచ్చి పెట్టుకుంటూ వచ్చాడు.